అటకెక్కేవి, అంగడికొచ్చేవి

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కావలిలో జరిగిన ఒక సభలో, గృహోపకరణాల మరమ్మతు దుకాణం నడుపుతున్న వక్త చేసిన ప్రసంగ పాఠం.)

సభకు నమస్కారం.

ముప్పై నాలుగేళ్ళుగా నేను కూర్చున్నది ముక్కాలిపీట మీద. ఇంత ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. మైకు నా ముందుకు వచ్చిందంటే అది పాడైందనే ఇన్నాళ్ళూ అర్థం. దాన్ని విప్పకుండా దాని ముందు మాట్లాడటం ఇదే మొదటిసారి. (నవ్వులు)

గ్రంథాలయం సారు వారం కిందట అంగడికి వచ్చారు. వంటింటి సామాన్లలో ఏది కొనాలి, ఏది కొంటే డబ్బు దండగ, చెప్పమన్నారు. నాకు వంట రాదు సార్ అన్నాను. మా ఇంట్లో నన్ను పాలు పొంగకుండా చూడటానికి కూడా నమ్మరు. కానీ ఒకటి మాత్రం నిజం. ఇటు బిట్రగుంట నుంచి అటు ఉలవపాడు దాకా ఎవరి వంటింట్లో ఏది తిరుగుతోందో, ఏది మూలన కూర్చుందో నాకు తెలుసు. ఊళ్ళో రోగాలన్నీ డాక్టరుకు తెలిసినట్టే ఇదీను.

కొత్త వస్తువు కొనేటప్పుడు మీరంతా దుకాణంవాడిని ఒకే ప్రశ్న అడుగుతారు. 'ఇది పాడవుతుందా?' అని. నన్నడిగితే ఆ ప్రశ్నే తలకిందులుగా ఉంది. పాడయ్యే వస్తువే మంచి వస్తువు. మిక్సీ మోటారుకు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగాయంటే ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి రోజూ పచ్చడి నూరారని అర్థం. కుక్కర్ గాస్కెట్ సాగిపోయిందంటే పప్పు ఉడికిందని అర్థం. వాడితే అరుగుతుంది, అరిగితే నా దగ్గరికి వస్తుంది. వాడనిది అటకెక్కుతుంది. అటకెక్కినది ఎన్నటికీ పాడవదు. పదేళ్ళ తర్వాత దించినా నిగనిగలాడుతూ ఉంటుంది. అలా నిగనిగలాడే వస్తువు కొన్నందుకే మనం బాధపడాలి.

ఉదాహరణకు రొట్టెల యంత్రం. రెండు పళ్ళేలు, మధ్యలో పిండి ముద్ద పెట్టి మూత నొక్కితే చపాతీ అయిపోతుందని చెప్పి అమ్ముతారే, అది. నా దగ్గరికి వచ్చిన ప్రతి వస్తువుకూ అడుగున గోళ్ళరంగుతో ఒక అంకె వేయడం నాకు అలవాటు. వస్తువులు తారుమారు కాకూడదని. ఒకసారి ఒకామె రొట్టెల యంత్రం తెచ్చి, 'ఇది పనిచేస్తుందో లేదో చూడన్నా, మా ఆడబిడ్డ కూతురి పెళ్ళికి ఇవ్వాలి' అంది. తిప్పి చూస్తే అడుగున నా అంకె ఉంది! అంతకు రెండేళ్ళ ముందు ఇంకో ఇంటి నుంచి, అదే ప్రశ్నతో, అదే వస్తువు వచ్చింది. నేనేమీ అనలేదు. పరీక్షించి, పనిచేస్తుందని చెప్పి, ఇంకో అంకె వేసి పంపాను. మళ్ళీ ఏడాదిన్నరకు మూడో ఇంటి నుంచి వచ్చింది. తీగకు కంపెనీవాడు చుట్టిన ముడి ఇంకా అలాగే ఉంది. ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో గానీ అది ఒక్క చపాతీ చూడలేదు. (చాలాసేపు నవ్వులు)

ఎందుకలా? ఆ యంత్రం చెడ్డదేమీ కాదు, వేడెక్కుతుంది, నొక్కుతుంది. కానీ పిండి మనం కలిపే తీరుకు అది ఒప్పుకోదు. కాస్త పలచన అయితే అంటుకుంటుంది, గట్టిగా కలిపితే అప్పడంలా విరుగుతుంది. దానికి సరిపోయేలా పిండి కలపడం నేర్చుకునేలోపు చపాతీల కర్రతో పది చపాతీలు అయిపోతాయి. ఆ పైన దాన్ని కడగడానికి వీల్లేదు, తడిగుడ్డతో తుడవాలి. కడగడం కష్టమైన వస్తువు మన వంటింట్లో నెల దాటదు. ఇది మాత్రం రాసిపెట్టుకోండి.

మిక్సీ దగ్గరికి వద్దాం, ఎందుకంటే నాకు అన్నం పెట్టింది అదే. నా చిట్టా పుస్తకాల్లో సగానికి పైగా పేజీలు మిక్సీలవే. మన మిక్సీ పుట్టిన కథ చాలామందికి తెలియదు. 1963 ప్రాంతంలో బొంబాయిలో మాధురీ మాథుర్ అనే ఇల్లాలి దగ్గర విదేశీ మిక్సర్ ఒకటి ఉండేది. అది కాలిపోయింది. బాగుచేసేవాళ్ళు ఇక్కడ దొరకలేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ సీమెన్స్‌లో ఇంజనీరు. మన వంటకు తట్టుకునేది నువ్వే తయారు చెయ్యి అని ఆమె పట్టుబట్టింది. అలా వచ్చింది సుమీత్ మిక్సీ. విదేశాల మిక్సర్ పళ్ళరసాలకూ కేకు పిండికీ పుట్టింది. మనం దాంట్లో ఎండుమిర్చి, పసుపుకొమ్ము, నానబెట్టిన మినప్పప్పు వేస్తాం. మోటారు కాలక ఏమవుతుంది? మన తిండి తెలిసినవాళ్ళు మోటారుకు బలం పెంచి, పొడికి ఒక జార్, పచ్చడికి ఒక జార్ పెట్టారు. అందుకే నిలిచింది. మిక్సీ పోతే ఇల్లాలికి రోజు గడవదు. పొద్దున ఎనిమిదింటికి అంగడి తలుపు తీయకముందే మెట్ల మీద మిక్సీ పెట్టుకుని కూర్చున్నవాళ్ళను చూశాను నేను. రొట్టెల యంత్రం పట్టుకుని అలా కూర్చున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. మిక్సీ అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది. మోటారు మీద భారం ఎక్కువైతే అది దానంతట అదే బయటికి వచ్చి కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి, జార్‌లో సరుకు తగ్గించి, ఆ బటన్ లోపలికి నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. అంగడి పెట్టిన కొత్తలో, అద్దె కట్టడానికి ఇబ్బందిగా ఉన్న రోజుల్లో, ఆ బటన్ నొక్కి ఇరవై రూపాయలు తీసుకున్న సందర్భాలు ఉన్నాయి. 'సాయంత్రం రండి, చూసి పెడతాను' అని కూడా అనేవాణ్ణి. ఒకసారి ఒక ముసలమ్మ నాలుగు మైళ్ళు నడిచి మిక్సీ తెచ్చింది, సాయంత్రం మళ్ళీ నడిచి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ పని మానేశాను. ఇప్పుడు ఫోనులోనే చెబుతాను, ముందు బటన్ నొక్కి చూడండి అని.

మిక్సీని చంపేది భారం ఒక్కటే కాదు, నీళ్ళు కూడా. జార్ అడుగున బ్లేడు ఇరుసును పట్టి ఉంచే బుష్ అరిగిందంటే పచ్చడి నీరు సన్నగా కారి కింద జార్‌ను మోటారుకు కలిపే కప్లర్ మీద పడుతుంది, అక్కణ్ణుంచి మోటారులోకి దిగుతుంది. జార్ కింద తడి కనిపించిన రోజే తెస్తే చిన్న ఖర్చు. పొగ వచ్చాక తెస్తే మోటారులో తిరిగే తీగచుట్ట, ఆర్మేచర్, మార్చాలి, దానికంటే కొత్తది కొనుక్కోవడం మేలు. నేనే చెబుతున్నాను, నా కడుపు మీద నేనే కొట్టుకుంటూ.

మన ఊళ్ళలో దోసె లేని ఇల్లు లేదు. ఎర్రకారం పూసిన దోసె ఒకరోజు లేకపోతే పిల్లలు అలుగుతారు. పిండి పులిస్తే పులిబొంగరాలు. ఈ పిండికి మిక్సీ చాలదా, గ్రైండర్ కావాలా అని అడుగుతారు. మిక్సీ బ్లేడు నిమిషానికి 18,000 చుట్లకు పైగా తిరుగుతుంది. కోస్తుంది, దానితో పాటు కాలుస్తుంది కూడా. రుబ్బిన మినప్పిండి మీద చెయ్యి పెట్టి చూడండి, గోరువెచ్చగా ఉంటుంది. గ్రైండర్‌లో రాయి నెమ్మదిగా తిరుగుతూ నలుపుతుంది, పిండి చల్లగా ఉండి గాలి పట్టి పొంగుతుంది. ఇడ్లీ మెత్తదనమంతా ఆ గాలిలోనే ఉంది. దోసెకైతే అంత తేడా లేదు. ఇడ్లీ వారానికి నాలుగుసార్లు చేసే ఇంట్లో గ్రైండర్ ఉండాలి, ఎప్పుడో ఒకసారి చేసేవాళ్ళు మిక్సీలో చల్లటి నీళ్ళు పోసి ఆపి ఆపి రుబ్బుకుంటే సరిపోతుంది.

కరెంటు ఎక్కువ కాలుతుందని గ్రైండర్‌ను భయపడేవాళ్ళున్నారు. ఇంట్లో వాడే చిన్న గ్రైండర్ మోటారు 150 వాట్లు. అరగంట తిరిగితే యూనిట్‌లో పదమూడో వంతు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి పూర్తి వేడి మీద రెండుంబావు నిమిషాల్లో అంత తాగేస్తుంది. ఈ గ్రైండర్ కూడా వంటింటి అవసరంలోంచి వచ్చిందే. 1955లో కోయంబత్తూరులో సభాపతి అనే ఆయన రోలూ పొత్రమూ మోటారుకు కట్టారు. ఇప్పుడు కోయంబత్తూరు గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది, మన వెంకటగిరి చీరకు ఉన్నట్టే.

అదే 1955లో జపాన్‌లో తోషిబా కంపెనీ ఆటోమేటిక్ రైస్ కుక్కర్ అమ్మకానికి పెట్టింది. దాని వెనుకా ఒక ఇల్లాలు ఉంది. మినామి అనే చిన్న కర్మాగారం యజమానికి ఆ పని అప్పజెబితే, ఆయన భార్య ఫుమికో రోజుల తరబడి అన్నం వండి వండి ఎంత వేడికి ఎంతసేపు ఉడకాలో తేల్చింది. రైస్ కుక్కర్ నాకు చాలా ఇష్టమైన వస్తువు, ఎందుకంటే దాంట్లో తెలివి ఉంది, ఆర్భాటం లేదు. గిన్నె తీసి అడుగున చూడండి, స్ప్రింగు మీద గుండ్రటి బిళ్ళ లాంటిది ఉంటుంది. అందులో ఒక అయస్కాంతం, దానికి అతుక్కునే ఇంకో లోహపు ముక్క. నీళ్ళు ఉన్నంతసేపు గిన్నె అడుగు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే వచ్చే వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. బియ్యం నీళ్ళన్నీ తాగేశాక వేడి పైకి లేస్తుంది. 103 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి ఆ ముక్కకు అయస్కాంతానికి అతుక్కునే గుణం పోతుంది. స్ప్రింగు దాన్ని తోసేస్తుంది. టక్! స్విచ్ పడిపోతుంది. గడియారం లేదు, చిప్ లేదు. నీళ్ళు అయిపోవడమే దానికి గంట కొట్టడం.

'మా కుక్కర్ అన్నం సగం ఉడకగానే ఆగిపోతోంది' అని తెస్తారు. చాలాసార్లు నేను చేసేదల్లా ఆ బిళ్ళ చుట్టూ ఎండిపోయిన మెతుకు తీసేయడమే. గిన్నె అడుగు సరిగ్గా ఆనకపోతే పాపం దాని లెక్క తప్పుతుంది. ఒక లోపం మాత్రం ఉంది. గంజి వార్చిన అన్నం తినే అలవాటున్నవాళ్ళకు అది పనికిరాదు. మా నాన్న బతికున్నంత కాలం కుక్కర్ అన్నం ముట్టలేదు. మొలగొలుకుల బియ్యం వార్చి తినాలి గానీ, నీళ్ళతో సహా మింగడమేమిటని ఆయన వాదన. నేనేమీ జవాబు చెప్పలేకపోయేవాణ్ణి.

ప్రెషర్ కుక్కర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను. చెప్పకపోతే ప్రమాదం కాబట్టి.

దీన్ని కనిపెట్టింది దెనీ పపిన్ అనే ఫ్రెంచి ఆయన, 1679లో. లండన్‌లో రాయల్ సొసైటీ పండితులకు దాంట్లో వండి విందు ఇచ్చాడట, ఎముకలు కూడా జున్నులా మెత్తబడ్డాయని ఆ విందు తిన్న ఒకాయన తన దినచర్యలో రాసుకున్నాడు. పపిన్ దానికి భద్రతా వాల్వ్ కూడా పెట్టాడు. అంటే మూడు వందల నలభై ఏళ్ళ కిందట కుక్కర్ చేసినవాడికే తెలుసు, ఇది పేలే వస్తువని. మనకే తెలియడం లేదు.

కుక్కర్ ఎలా పనిచేస్తుంది? మూత బిగిస్తే ఆవిరి బయటికి పోదు. ఒత్తిడి పెరుగుతుంది. పైన మనం పెట్టే వెయిట్ ఆ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో దాటగానే లేస్తుంది. ఆ ఒత్తిడిలో నీళ్ళు 100 దగ్గర కాదు, 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. అందుకే కందిపప్పు పది నిమిషాల్లో మెత్తబడుతుంది. విజిల్ వచ్చిందంటే పప్పు ఉడికిందని కాదు. లోపల ఆవిరి ఎక్కువైందని మాత్రమే. మంట పెద్దగా ఉంటే విజిళ్ళు గబగబా వస్తాయి, చిన్నగా ఉంటే ఆగి ఆగి వస్తాయి. లోపలి వేడి మాత్రం రెండింటికీ ఒకటే. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూసుకోండి. విజిళ్ళు లెక్కపెట్టడం మానండి. గ్యాస్ మిగులుతుంది, గోడకు పప్పు చిమ్మదు.

పప్పు, బియ్యం సగానికి మించి వేయకండి, అవి నురగ కట్టి పొంగి ఆవిరి గొట్టంలో ఇరుక్కుంటాయి. మిగతావి మూడింట రెండు వంతుల దాకా వేయవచ్చు. ఆవిరి గొట్టం వారానికోసారి వెలుతురుకు పట్టి చూడండి, అవతలి పక్క కనిపించాలి.

మూత మీద ఇంకో చిన్న బిళ్ళ ఉంటుంది, సేఫ్టీ వాల్వ్. అందులో తక్కువ వేడికే కరిగే లోహం ఉంటుంది. నీళ్ళు ఇంకిపోయినా, గొట్టం మూసుకుపోయినా, అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అది కరిగిందంటే తన పని తాను చేసిందన్నమాట, మిమ్మల్ని కాపాడిందన్నమాట. కొందరికి అది 'పాడైపోయింది'. ఒక మెస్‌లో పెద్ద కుక్కర్‌కు ఆ వాల్వ్ మాటిమాటికీ పోతోందని వంటమనిషి అక్కడ ఇనుప బోల్టు బిగించాడు. హ్యాండిల్ వదులైందని నా దగ్గరికి తెచ్చినప్పుడు చూశాను. నాకు ఒళ్ళు జలదరించింది. అది బాంబు, కుక్కర్ కాదు. అతను వద్దన్నా వినకుండా మూత నా దగ్గరే పెట్టుకుని, కొత్త వాల్వ్ వేసి, ఆవిరి గొట్టంలో గట్టిపడ్డ పప్పు గీకి తీసి ఇచ్చాను. వాల్వ్ పోవడానికి అసలు కారణం ఆ పప్పే. డబ్బు ఇవ్వనని గొడవ చేశాడు. సరే, పోనీయండి.

కొత్త కుక్కర్ కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 2347 అనే అంకె చూసుకోండి. ఆ గుర్తు లేకుండా అమ్మడం ఇప్పుడు చట్టవిరుద్ధం. సంతలో చవకగా వస్తుందని గుర్తు లేనిది కొనకండి. గాస్కెట్ కోసం వచ్చేటప్పుడు మూత వెంట తెండి. 'అయిదు లీటర్లది' అంటే చాలదు, ఒకే అయిదు లీటర్లకు రెండు మూడు కొలతలున్నాయి.

(సభలోంచి ఒక పెద్దావిడ: 'నాయనా, పాడయ్యేదే మంచిదన్నావు. మరి మా రోలు ఎప్పుడూ నీ దగ్గరికి రాలేదే? కత్తిపీట రాలేదే?' చప్పట్లు.)

అమ్మా, దొరికిపోయాను. నిజమే. నా లెక్క మోటారు ఉన్నవాటికే. కత్తిపీట సాన పట్టేవాడి దగ్గరికి వెళుతుంది, రోలు గంట్లు కొట్టేవాళ్ళ కోసం ఎదురుచూస్తుంది. వాళ్ళు ఈ మధ్య వీధుల్లోకి రావడం తగ్గించారు. అయినా మీ మాటలోనే ఇంకో సంగతి ఉంది. అవి కూడా అరుగుతున్నాయి కదా! కత్తిపీట చెక్క మీద మీ అమ్మగారి పాదం పెట్టినచోట గుంట పడి ఉంటుంది. అరగని వస్తువునే అనుమానించమంటున్నాను నేను.

ఎగ్జిబిషన్ సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. కూరగాయలు తరిగే పలకలు, వెల్లుల్లి వలిచే గొట్టాలు, గుడ్డు నుంచి పచ్చసొన వేరుచేసే చెంచాలు. అమ్మేవాడు ఎప్పుడూ గట్టి క్యారెట్, గట్టి దోసకాయ తరిగి చూపిస్తాడు. మెత్తని టమాటా, ముదురు బెండకాయ తరగమనండి, ఆట ముగుస్తుంది. తాడు లాగితే ఉల్లిపాయలు ముక్కలయ్యే డబ్బా మాత్రం కొంత నయం, నాలుగు ఉల్లిపాయలకు. తాడు తెగితే నేను కూడా ఏమీ చేయలేను. గట్టుకు రబ్బరు పట్టుతో అతుక్కునే కొబ్బరి కోరు ఒకటి మాత్రం మెచ్చుకుంటాను. చీమకుర్తి నల్లరాయి పరిచిన వంటగట్టు మీద ఉడుం పట్టు పడుతుంది. గరుకు గచ్చు మీద, చెక్క బల్ల మీద పట్టదు. మీ గట్టు ఏమిటో చూసుకుని కొనండి.

ఇండక్షన్ పొయ్యికీ ఇదే మాట. అది మంట పెట్టదు. లోపలి తీగచుట్ట గిన్నె అడుగులో కరెంటు పుట్టించి గిన్నెనే వేడి చేస్తుంది. గ్యాస్ మంటలో మూడో వంతు దాకా వేడి పక్కలకు పోతుంది, దీంట్లో ఆ దుబారా చాలా తక్కువ. కానీ గిన్నె అడుగు అయస్కాంతానికి అంటుకోవాలి. ఇత్తడి, రాగి, సత్తు, మట్టి, ఏదీ పనికిరాదు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ సత్తువైతే ఆ పొయ్యితో పాటు గిన్నెలకూ డబ్బు పెట్టాలి. కొనే ముందు చిన్న అయస్కాంతం తీసుకుని మీ వంటింట్లో తిరగండి. ఎన్ని గిన్నెలకు అంటుకుందో చూడండి. అంతకంటే పెద్ద పరీక్ష అక్కర్లేదు.

మన చేపల పులుసు మట్టి చట్టి దిగదు. దిగకూడదు. చింతపండు పులుపు సత్తు గిన్నెను తింటుంది, మట్టిని ఏమీ చేయలేదు. దించాక కూడా చట్టిలో వేడి చాలాసేపు ఉంటుంది, ముక్కకు పులుసు పట్టేది అప్పుడే. ముక్కలు వేశాక గరిటె పెట్టరు, చట్టి చెవులు పట్టుకుని తిప్పుతారు. ఒక కుర్రాడు కుక్కర్‌లో బొమ్మిడాయిల పులుసు వండి, మూత తీశాక చేప కనబడలేదని ఫోను చేశాడు. కుక్కర్ బాగానే పనిచేసిందని చెప్పాను. (నవ్వులు)

నాన్‌స్టిక్ పెనాలు ఒక్క మాటలో తేల్చేయవచ్చు. అవి అరిగితే బాగుచేసేవాళ్ళు లేరు. ఆ పూత టెఫ్లాన్, 1938లో అమెరికాలో ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్తకు అనుకోకుండా దొరికింది. సుమారు 260 డిగ్రీలు దాటితే అది చెడటం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతుంటే ఆ వేడి ఎంతసేపట్లో వస్తుందనుకున్నారు? కొద్ది నిమిషాలు చాలు. అమ్మమ్మ ఇనుప పెనం మనవరాలికి వస్తుంది. నాన్‌స్టిక్ పెనం పక్క ఏడు దీపావళికి కూడా రాదు. అయినా కొన్నారనుకోండి, స్టీలు గరిటె పెట్టి గీకకండి. మన ఉదయగిరి చెక్క గరిటెలు ఉన్నాయి కదా, దుర్గం కింద ఇళ్ళల్లో కూర్చుని చేత్తో చెక్కేవి. వాటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన జిల్లావాళ్ళే కొనకపోతే ఇంకెవరు కొంటారు? వాడాక నానబెట్టకుండా కడిగి, ఆరబెట్టి, నెలకోసారి కాస్త నూనె రాయండి. ఏళ్ళు వస్తాయి.

ఎయిర్ ఫ్రయర్ విషయంలో నేను మాట మార్చుకున్నాను. ఫిలిప్స్ వాళ్ళు 2010లో తెచ్చారు దాన్ని. పేరు విని వేపుడు యంత్రం అనుకుంటాం గానీ అది చిన్న పొయ్యి పెట్టె. పైన వేడి తీగ, దాని మీద గాలి తోలే ఫ్యాను. మొదటిసారి నా దగ్గరికి వచ్చినదాంట్లో జల్లెడ నిండా మాడిన పిండి. ఆమె పునుగులు వేసిందట. జారుడు పిండిని నూనె పట్టి నిలబెడుతుంది, గాలి నిలబెట్టలేదు. బజ్జీ, పునుగు, గారె దాంట్లో రావు. ఇది కూడా అటకదే అని అప్పుడే తీర్పు చెప్పేశాను. కానీ రెండేళ్ళుగా అవి ఫ్యాను అరిగి, బుట్ట పూత పోయి నా అంగడికి రావడం మొదలైంది. అంటే వాడుతున్నారు! ఏం చేస్తున్నారమ్మా అని అడిగితే, వేరుశెనగలు వేయించుకుంటున్నాం, కాకర చిప్స్, మసాలా పట్టించిన వంజరం ముక్కలు అన్నారు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి పనికొస్తుంది. పదిమంది ఉన్న ఇంట్లో విడతలు విడతలుగా పెట్టేసరికి మొదట తిన్నవాడికి మళ్ళీ ఆకలేస్తుంది.

నీళ్ళ యంత్రం కూడా వంటింట్లోదే. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళున్న ఊళ్ళవాళ్ళు అడుగుతుంటారు, కాచి చల్లార్చి తాగితే సరిపోదా అని. సరిపోదు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. యూవీ దీపం కాంతితో శుద్ధి చేసే యంత్రాలు కూడా క్రిములకే. ఫ్లోరైడ్ తీయడానికి ఆర్‌ఓ పొర, అంటే ఒత్తిడితో నీళ్ళను వడకట్టే సన్నటి పొర, ఉన్న యంత్రం పనికొస్తుంది. అక్కడ అది విలాసం కాదు. నీళ్ళు బాగున్న ఊళ్ళో అదే యంత్రం పెట్టుకుంటే మంచినీళ్ళు వచ్చినదానికంటే ఎక్కువ నీళ్ళు కాలవలో పోతాయి. ముందు నీళ్ళు పరీక్ష చేయించుకుని తర్వాత అంగడికి వెళ్ళండి. ఉప్పునీళ్ళ ఊళ్ళో కరెంటు కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతుంది, అది సున్నం. దాన్ని గీకకండి. చింతపండు పులుసు పోసి ఒకసారి మరిగించి గంట వదిలేస్తే ఊడి వస్తుంది.

ఇంక ఏమైనా అడుగుతారా?

(ఒక యువతి: 'మా మిక్సీ నిన్న గారెల పిండి రుబ్బుతుంటే ఆగిపోయిందండీ. ఇప్పుడు అసలు చప్పుడే లేదు.')

కాలిన వాసన వచ్చిందా? రాలేదా, మంచిది. అడుగున ఎర్ర బటన్ నొక్కారా? ... నేను ఇంతసేపు దేని గురించి చెప్పాను తల్లీ! (నవ్వులు) ఇంటికి వెళ్ళి ప్లగ్ తీసి, మిక్సీ తిప్పి, బటన్ నొక్కండి. ఖాళీ జార్ పెట్టి తిప్పి చూడండి. తిరిగితే నాకు ఒక ఫోను చేయండి చాలు. తిరగకపోతే రేపు పది తర్వాత అంగడికి తెండి. జార్ కూడా తెండి. అందరూ మోటారు ఒక్కటే మోసుకొస్తారు, లోపం చూస్తే జార్‌లో ఉంటుంది.